గులాబీల వెనక చెల్క

ముత్తక్క వచ్చేసరికి నేను మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు ఎత్తుతున్నాను. కింద నుంచి "అక్కా, ఓ కెమెరా అక్కా" అని పిలుపు వినబడింది. హనుమకొండలో నన్నిప్పుడు అలా పిలిచేవాళ్లు లేరు. పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పిల్లల దాకా అందరికీ నేను మేడమ్‌నే. పిట్టగోడ మీంచి తొంగిచూస్తే గేటు దగ్గర సన్నటి ఆడమనిషి నిలబడి ఉంది. తల నెరిసింది, చేతిలో తువ్వాలలో చుట్టిన చిన్న మూట. నవ్వితే గుర్తుపట్టాను. ఆమె పెళ్లికి మా బాపు వీడియో తీశాడు. నేను బాపు వెంట వెళ్లాను. అప్పటికి ఆమెకంటే నేను ఒకటో రెండో ఏళ్లు పెద్దదాన్ని. ఇప్పుడు చూస్తే ఆమే నాకు అక్కలా ఉంది.

మంచినీళ్లు తాగి, మూట విప్పి, నల్లటి క్యాసెట్ నా ఒళ్లో పెట్టింది. "మీ బాపు తీసిన నా పెండ్లి కేసెట్ అక్కా. దీంట్ల మా చెల్క ఉంటది. ఆఫీసర్లకు చూపెట్టాలె. లేకపోతే చెల్క పోతది" అంది.

సంగతి అడిగితే ఊపిరి తీసుకోకుండా చెప్పింది. గూడెంలో చాలామందికి అడవి భూముల హక్కుపత్రాలు వచ్చాయి. ఆమెకు రాలేదు. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో, అడవి కొట్టి చేసుకున్న ఆమె మెట్టచేను, ఆ చెల్క ఉన్నచోట చెట్లే కనబడుతున్నాయట. కనబడవూ మరి? కోయవాళ్లు చెల్క కొట్టుకున్నా అందులోని ఇప్పచెట్లను ముట్టుకోరు. జొన్న చేను మధ్యలోనే వాటిని ఉంచేస్తారు. పైనుంచి చూసేవాడికి ఆ చెట్ల గొడుగులే కనబడతాయి గానీ, వాటి కింద దున్నిన చాళ్లు కనబడవు. ఇది అడవి కాదు, చట్టం చెప్పిన తేదీకి ముందు నుంచే దున్నుకుంటున్న చెల్క అని రుజువు తెమ్మన్నారు. వచ్చేవారం గ్రామసభ. ఆ రోజు తేలకపోతే అటవీశాఖవాళ్లు మొక్కలు నాటడానికి గుంతలు తవ్వుతారు. ఆమె మొగుడు జోగయ్య జ్వరంతో పోయి చాలా ఏళ్లయింది. కొడుకు, కోడలు, ఆమె, అందరికీ ఆ చెల్కే బువ్వ.

"నువ్వు ఇన్ని సిన్మాలు తీసినవ్ గద అక్కా, దేంట్లనన్న లేదా మా చెల్క?" అని కూడా అడిగింది. లేదు. ఆదివాసుల భూముల మీద సినిమాలు తీయడమే బతుకుగా పెట్టుకున్నదాన్ని. కానీ నా మొదటి సినిమా నాటికే ఆ తేదీ దాటిపోయింది. నా షెల్ఫులో ఉన్నవన్నీ తేదీ తర్వాతివే, ఆమెకు ఎందుకూ పనికిరావు. ఇక మిగిలింది ఒళ్లో ఉన్న క్యాసెట్. అందులో ఏముందో నాకు బాగా గుర్తుంది. అందులో గులాబీలున్నాయి.

ఆ మాట ఆమె ముఖం మీద చెప్పలేక, పాత వీసీఆర్ వెతకాలని చెప్పి లోపలి గదిలోకి వెళ్లాను. అటక మీంచి అట్టపెట్టె దించితే ముందుగా వాసన వచ్చింది. పాత టేపులకు ఉండే తీపీ పులుపూ కలిసిన ఆ వాసనలో మా ఇల్లు మొత్తం ఉంది.

మా ఇల్లు చౌరస్తా దగ్గర ఉండేది. ముందుగది బాపు స్టూడియో, వెనక రెండు గదుల్లో మా కాపురం. గదుల మధ్య తలుపు లేదు, ఒక పరదా ఉండేది. కాబట్టి ఫొటో దిగడానికి వచ్చినవాళ్లకు అమ్మ వేసే పోపు వాసన, అన్నం తింటున్న మాకు డార్క్‌రూమ్‌లో ఫొటోలు కడిగే హైపో మందు వాసన తప్పేవి కావు. మధ్యాహ్నాలు అమ్మ ఆల్బమ్‌లు అంటించడానికి మైదాపిండి జిగురు ఉడికించేది. అది చల్లారే లోపల నేను వేలుపెట్టి నాకేదాన్ని. బాపు పొద్దున్నే లేచి స్టూడియో ఊడ్చి, అద్దం పక్కన దారానికి కట్టిన దువ్వెనను సబ్బుతో కడిగి, పౌడరు డబ్బా మూత తుడిచేవాడు. దేవుడికి అగర్‌బత్తి ఆ తర్వాతే. ఫొటో దిగేవాళ్లను ఎప్పుడూ నవ్వమని అడిగేవాడు కాదు. "మీదే ఊరే?" అనేవాడు. తొర్రూరనో హసన్‌పర్తి అవతలి పల్లె అనో వాళ్లు చెప్పడం మొదలుపెట్టగానే మీట నొక్కేవాడు. సొంత ఊరి పేరు చెప్పేటప్పుడు మనిషి ముఖం దానంతటదే సర్దుకుంటుందని ఆయన నమ్మకం. మా షోకేసులో ఉన్న ఫొటోలన్నిట్లో జనం నోరు సగం తెరుచుకుని ఉండేవాళ్లు.

ఫొటోల గిరాకీ తగ్గి వీడియోల కాలం వచ్చాక బాపు కెమెరా కొన్నాడు, దానితో పాటు ఒక నియమం పెట్టుకున్నాడు. పెళ్లిలో తాళి తప్పిపోయినా ఫరవాలేదు గానీ బంతి తప్పిపోకూడదు. జనం వరసగా కూర్చుని అన్నం తింటుంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్క ముఖం కూడా వదలకుండా, మెల్లగా కెమెరా నడపాలి. ఆ పని మిగతా వీడియోవాళ్లకు విసుగు. బాపుకు అదే అసలు పెళ్లి. "పెండ్లి కేసెట్ పెండ్లోళ్లు రెండుసార్లు సూస్తరు బిడ్డా. వచ్చినోళ్లు ఎప్పటికీ సూస్తరు. కూడు తిన్నోడి మొఖం లేకపోతే వాడు వచ్చినట్టు లెక్కల్నే లేదు" అనేవాడు.

లైటు పట్టే కుర్రాడు దుబాయి వీసా దొరికి వెళ్లిపోతే ఆ పని నా మీద పడింది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. అమ్మ గరిటె పట్టుకుని పరదా దగ్గరికొచ్చి నిలదీసింది. "ఆడివిల్ల మంది పెండ్లిళ్లల్ల లైటు పట్టుకొని తిరుగుతాంటే దీని పెండ్లికి ఎవడన్న వస్తడా?" అంది. బాపు తల కూడా ఎత్తలేదు. "లైటు పట్టినోళ్ల మొఖం ఎవలకు కనబడ్తదే? సప్పుడు చెయ్యకు" అన్నాడు. అమ్మ గరిటెతో సహా పరదా వెనక్కి పోయింది. నాకు మాత్రం ఆ రోజు రెక్కలొచ్చినట్టే అయింది.

జోగయ్య మాకు పరిచయమైంది తేనె వల్ల. ఏటూరునాగారం అవతలి అడవి నుంచి తేనె, సారపప్పు తెచ్చి హనుమకొండ బజారులో అమ్ముకునేవాడు. గూడెం పేరు ఇక్కడ రాయడం లేదు, అక్కడి తగాదాలు ఇంకా పూర్తిగా తెగలేదు. బాపు షోకేసులో ఒక టీవీ పెట్టి దానికి కెమెరా తగిలించాడు. రోడ్డు మీద పోయేవాడికి తన బొమ్మ తనకే కనబడేది. ఆ టీవీ ముందు ఒక మనిషి తేనె డబ్బా నెత్తిన పెట్టుకుని చాలాసేపు నిలబడటం, చెయ్యి ఎత్తడం, దించడం, తనలో తనే నవ్వుకోవడం బాపు చూశాడు. లోపలికి పిలిచి చాయ్ ఇచ్చాడు. "మీదే ఊరే?" అన్నాడు. అట్లా మొదలైంది. బజారుకు వచ్చినప్పుడల్లా జోగయ్య మా గడప మీద కూర్చునేవాడు. అతని చేతుల నుంచి మైనం వాసన వచ్చేది. పెళ్లి కుదిరిందని చెప్పిన రోజు బాపు, "నీ పెండ్లికి నేనే కేసెట్ తీస్త. తేనె ఇయ్యి సాలు" అన్నాడు. ఆ గూడెంలో అంతకుముందు ఎవరి పెళ్లీ కెమెరాలోకి ఎక్కలేదు.

ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి జీపు, చివర్లో నడక. బాపు కెమెరాను చంటిపిల్లలా రొమ్ముకు ఆనించుకుని నడిచాడు. నా నెత్తిన లైటు, బ్యాటరీ, ఒక పెద్ద నీలం గుడ్డ. ఆ గుడ్డ ఆయన కొత్త ముచ్చట. అప్పుడే మా ఇంటికి మిక్సింగ్ మిషన్ వచ్చింది. మనుషుల వెనక నీలం గుడ్డ పట్టి తీస్తే, మిషన్‌లో పెట్టినప్పుడు ఆ నీలం అంతా మాయమైపోయి దాని బదులు ఏ తోట కావాలంటే ఆ తోట, ఏ మంచుకొండ కావాలంటే ఆ మంచుకొండ వచ్చేది. బజారులో సేట్ల పెళ్లిళ్లన్నీ అప్పుడు మంచుకొండల మీదే జరుగుతున్నాయి.

జోగయ్య ఇల్లు చెల్క అంచునే ఉంది. జొన్న కోత అయిపోయింది, కొయ్యకాళ్లు మిగిలాయి. చెల్క నడుమ ఇప్పచెట్లు, అక్కడక్కడ చెల్క కొట్టినప్పుడు కాల్చిన నల్లటి మొద్దులు, ఒక మూల వాళ్ల పెద్దల పేరున నిలబెట్టిన నిలువెత్తు రాయి, దాని వెనక గుట్ట. డోళ్లు మోగుతున్నాయి. ఆకుల పందిరి కింద పసుపు, ఇప్పసారా, కొత్తబట్టల గంజి వాసన కలిసిపోయాయి. తంతు అయ్యాక బాపు పిల్లనూ పిలగాణ్ణీ చెల్కలో నిలబెట్టి కెమెరాలోంచి చూసి నొసలు చిట్లించాడు. "పెండ్లిపిల్ల ఎన్క కాలిన మొద్దులేంది? పాపం, బతుకుల ఒక్కసారి" అన్నాడు. అది ఎగతాళి కాదు. ఆయన వాళ్లను ప్రేమించాడు గనకే, సేట్ల పిల్లలకు ఇచ్చిన తోటే వాళ్లకూ ఇవ్వాలనుకున్నాడు. రెండు ఇప్పచెట్ల నడుమ తాడు కట్టి నీలం గుడ్డ వేశాం. గాలికి ఒక అంచు ఆగడం లేదు. "నువ్వు ఎన్క నిలబడి పట్టుకో బిడ్డా" అన్నాడు.

అట్లా నేను గుడ్డ వెనక్కి పోయాను. ముందు డోళ్లు, నవ్వులు, "జోగయ్యా, జర దగ్గరికి జరుగు" అంటూ బాపు. అవతలివైపు నాకు మాత్రం చెల్క మొత్తం కనబడుతోంది. చెల్క గట్టు మీద జోగయ్య తండ్రి, ఖాకీబట్టల మనిషి నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ ఖాకీ మనిషి అడవి బీట్ గార్డు. వయసులో చిన్నవాడే, ముఖంలో కోపమేమీ లేదు. చెప్పాల్సిన మాట చెప్పలేక కాలితో మన్ను గీకుతున్నాడు.

"వచ్చే వానకాలం దున్నొద్దంటాన్లు పెద్దయ్యా. మీద నుంచి గట్టిగ చెప్తాన్లు. నేనేం చెయ్య?"

"మంచిది. తిని పో" అన్నాడు పెద్దాయన.

"నేను చెప్పేది ఇంటానవా?"

"ఇన్న. పిలగాని పెండ్లి. తిని పో."

నాకు ముందు వైపు చెల్క పోతుందంటున్నారు, వీపు వెనక దగ్గరికి జరగమంటున్నారు. నేను ఆ రెంటికీ మధ్య గుడ్డ అంచు పట్టుకుని నిలబడ్డాను. భయమేసింది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. కానీ గుడ్డ వదిలితే పెళ్లిపిల్ల వెనక మొద్దులు కనబడతాయి.

తర్వాత బంతి. పందిరి చాలక చెల్కలోనే అడ్డాకు విస్తర్లు వేసి కూర్చోబెట్టారు. ఎండకు కెమెరా వేడెక్కుతుందని నేను గొడుగు పట్టాను. బాపు ఈ కొస నుంచి మొదలుపెట్టాడు. తినేవాళ్లు సిగ్గుపడి తలలు దించుకుంటే ఆగి, వాళ్లు తల ఎత్తేదాకా నిలబడి, అప్పుడు ముందుకు జరిగేవాడు. జోగయ్య పెళ్లికొడుకన్న సోయి కూడా లేకుండా అన్నం గంప పట్టుకుని వడ్డిస్తూ కెమెరాకు అడ్డం వస్తున్నాడు. ఆ కొసన ఖాకీ మనిషి కూర్చున్నాడు. కెమెరా తన దాకా రావడం చూసి ముఖం తిప్పుకోబోయాడు. బాపుకు అతనెవరో, ఎందుకొచ్చాడో తెలియదు, తెలిసినా ఆయన నియమం ఆయనది. "సారూ, ఇటు జూడుండ్రి. మీరు గూడ రావాలె" అన్నాడు. అతను ఎడమచేత్తో టోపీ సర్దుకుని, నోట్లో ముద్దతో, సూటిగా చూశాడు.

మిక్సింగ్ మిషన్ మా నడిమి గదిలో ఉండేది. పోపు పొగ తగిలితే పాడవుతుందని బాపు పెట్టిన ఆంక్ష వల్ల, ఆ సీజనంతా అమ్మ పోపు లేని పచ్చిపులుసులే చేసింది. జోగయ్య క్యాసెట్ తయారైన రోజు ముగ్గురం నేలమీద కూర్చుని చూశాం. నీలం పోయింది. ముత్తక్క, జోగయ్య ఎక్కడిదో విదేశపు గులాబీతోటలో, ఎగజిమ్మే ఫౌంటెన్ ముందు నిలబడ్డారు. జోగయ్య జేబులో పెన్ను ఉంది, దాని మూత కూడా నీలమే. మూత పోయి ఆ చోట జేబులో ఒక గులాబీ పూసింది. తోట అంచున, గాలిలో, నా నాలుగు వేళ్లు వేలాడుతున్నాయి. "అయ్యో, ఇది పోదా?" అన్నాను. "ఉండని. పువ్వులు తెంపుతానట్టున్నవ్" అని బాపు నవ్వాడు. సినిమా లోకంలో నా మొదటి వేషం అదే. క్యాసెట్ తీసుకుపోవడానికి వచ్చిన జోగయ్య మా టీవీకి దగ్గరగా జరిగి తెర మీది గులాబీలను వేలితో తాకి చూశాడు. చివరికి, "తోట మంచిగున్నది సారూ. దీంట్లకు ఫారెస్టోళ్లు రారు" అన్నాడు. బాపు పగలబడి నవ్వాడు. గుడ్డ వెనక విన్న మాటలు నాకు గుర్తొచ్చాయి, నాకు నవ్వు రాలేదు.

నేను సినిమాల్లోకి ఎందుకొచ్చానని సభల్లో అడుగుతారు. ఏదో ఒకటి చెబుతాను. నిజం చెప్పాలంటే ఆ గుడ్డ అవతలి వైపు నాకు కనబడినది మిగతావాళ్లకు కూడా కనబడాలన్న మొండిపట్టే. చదువయ్యాక టీవీలో కొలువు, అది విడిచాక సొంత కెమెరా. గూడేల్లో, సర్కారు కచేరీల వరండాల్లో, కందకాలు తవ్విన చెల్కల్లో ఏళ్లకేళ్లు తిరిగాను. మనుషుల వెనక ఏముంటే అదే ఉండాలి, పాట వద్దు, పువ్వు వద్దు అని నియమాలు పెట్టుకున్నాను. శాలువాలు కప్పారు. ఎన్ని కప్పారంటే, అమ్మ వాటితో దిండ్లకు గలీబులు కుట్టించింది. నా మొదటి సినిమా బాపుకు ఇంట్లోనే చూపించాను. ఆయన కదలకుండా చూసి, అయిపోయాక తువ్వాలతో ముఖం తుడుచుకుని, "మంచిగ తీసినవ్ బిడ్డా. గని అందరి మొఖాల మీద బాధనే ఉన్నది. అన్నం తినంగ ఒక్కడు గూడ దొరకలేదా నీకు?" అన్నాడు. నాకు మండింది. ఇది పెళ్లి కాదు బాపూ అన్నాను. ఆయన తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే పోయాడు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెళ్లిళ్లకు డ్రోన్లు వచ్చాయి. బంతి పోయి బఫే వచ్చింది. నిలబడి తినేవాళ్ల ముఖాలు ఎవరూ తీయడం లేదు.

ముత్తక్క తెచ్చిన టేపు మీద తెల్లటి బూజు పట్టింది. స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచి, రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి, వీసీఆర్‌లో పెట్టాను. ముత్తక్క సోఫా వద్దని టీవీ ముందు నేలమీద కూర్చుంది. గులాబీలొచ్చాయి, ఫౌంటెన్ వచ్చింది. నేను ఆమె వైపు చూడలేక, "ఇక్కడ చెల్క కనబడదక్కా. మా బాపు పువ్వులు పెట్టిండు" అన్నాను.

"నాకెరికే గద" అంది ఆమె, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఊర్ల టీవీ వచ్చినంక పండుగకోసారి ఏసుకొని సూసేటోళ్లం. నా మొగడు జేబుల పువ్వు పెట్టుకున్నడు సూడు, దొరలెక్క" అని నవ్వింది. ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది. జోగయ్యది ఇంకే ఫొటో లేదట. "ముంగటికి పో. బువ్వకాడికి."

బంతి వచ్చింది. వేసిన పాట అప్పటికి అయిపోయినట్టుంది, బాపు దాని మీద మళ్లీ పాట పెట్టలేదు. అసలు చప్పుడే ఉంది. విస్తర్లు, కుక్కలు, ఎవరిదో దగ్గు. ఉన్నట్టుండి దగ్గర నుంచి, నా చెవి పక్కనే అన్నట్టు, "గొడుగు మెల్లగ నడిపియ్యి బిడ్డా. ఒక్క మొఖం గూడ పోవద్దు" అని బాపు గొంతు. నేను ఏడ్చేశాను. ఆ గొంతు ఇంకెక్కడా లేదు నాకు. ముత్తక్క నా వీపు మీద చెయ్యి వేసింది, ఆమె ముఖం మాత్రం తెర మీదే ఉంది. వరసలో కూర్చున్న జనం వెనక కొయ్యకాళ్లు, మొద్దులు, ఇప్పచెట్లు, రాయి, గుట్ట. అన్నీ ఉన్నాయి. మిక్సింగ్‌లో ఎవరూ బంతికి తోట పెట్టరు. కొసన ఖాకీ మనిషి టోపీ సర్దుకుని మమ్మల్ని చూశాడు.

గ్రామసభ బడిలో జరిగింది. బంతి ముక్క వరకే కత్తిరించి లాప్‌టాప్‌లో తీసుకుపోతానంటే ముత్తక్క ఒప్పుకోలేదు. "మొత్తం సూడాలె అక్కా. పెండ్లి సూడకుంట బువ్వకాడికి ఎవలన్న వస్తరా?" అంది. చేసేది లేక వీసీఆర్‌నే మోసుకెళ్లి బడి టీవీకి తగిలించి మొదటి నుంచి వేశాను. వచ్చిన అటవీశాఖ అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. గులాబీతోటను కాసేపు చూసి, "మేడమ్, ఇది మన మండలంల ఎక్కడుంది?" అన్నాడు. బడి మొత్తం గొల్లున నవ్వింది. బంతి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "మా నాయిన" అని ఒకరు, "అగో మా పెద్దవ్వ" అని ఇంకొకరు లేచి నిలబడుతున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఖాకీ మనిషి ముఖం రాగానే అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. "జర ఆపుండ్రి. ఈయన మా సారు. రిటైర్ అయిండు."

ఆయనకే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఈ చెల్కలో పెళ్లి బంతిలో కూర్చుని తిన్నది గుర్తుందా అని అడిగాడు. ముత్తక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన గుర్తులేదంటే అయిపోయింది. ఎప్పుడో తిన్న ఒక్క పూట భోజనం, ఎందుకు గుర్తుండాలి? ఆయనకు దీంతో వచ్చేదీ లేదు.

"తిన్న" అంది ఫోన్‌లోని గొంతు. "నేను ఆ బీట్ల కొత్తగ చేరిన ఏడు. దున్నొద్దని చెప్పనీకి పోయిన. పెద్దాయన తిని పొమ్మన్నడు."

"అప్పటికే అది చెల్కనేనా సార్? అడవి కాదా?"

"అడవిల బంతి కూసుంటదా తమ్మీ? జొన్న కొయ్యలు కుచ్చుకుంటానయంటే పెద్దాయన గోనెసంచి తెచ్చి పరిసిండు. రాసుకో. నేను చెప్పిన్నని రాసుకో."

ఆయన ఆ బీట్‌లో ఎప్పుడు చేశాడో శాఖ రికార్డుల్లోనే ఉంటుంది, అది చట్టం చెప్పిన తేదీకి చాలా ముందు. అధికారి ఆ మధ్యాహ్నమే చెల్కకు నడిచి, టీవీ నుంచి నా ఫోన్‌లోకి తీసుకున్న బంతి బొమ్మ నేను చూపిస్తుంటే రాయినీ గుట్ట అంచునూ దానితో సరిచూసి, తల ఊపాడు. ముత్తక్క ఆ రాయి దగ్గరే కూలబడి కూర్చుంది. ఎంత పిలిచినా చాలాసేపు లేవలేదు.

వానలు తగ్గాక హక్కుపత్రం వచ్చింది. కొత్త జొన్న ఇంటికి చేరిన రోజు ముత్తక్క కబురుపెడితే కెమెరా తీసుకుని వెళ్లాను. చెల్కలో విస్తర్లు వేసింది. రిటైరైన గార్డును కూడా పిలిచింది. ఆయన కర్ర పట్టుకుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆ కొసన కూర్చున్నాడు. నేను ఈ కొస నుంచి, బాపు నడిచినంత మెల్లగా, ముఖం ముఖం దగ్గర ఆగుతూ వెళ్లాను. ఇన్నేళ్లలో నేను బంతి తీయడం అదే మొదటిసారి. తినేటప్పుడు మనుషులు ఇంత బాగుంటారని బాపు ఒక్కసారి కూడా గట్టిగా వాదించి చెప్పలేదు, చెబితే వినేదాన్నో కాదో. సగం దాకా వచ్చేసరికి ముత్తక్క అన్నం గంపతో సరిగ్గా అడ్డం వచ్చి నిలబడింది.

"జర జరుగక్కా. ఎన్క చెల్క కనబడ్తలేదు" అన్నాను.

ఆమె జరగలేదు. "ఇగ చెల్క కనబడకున్నా ఏంగాదక్కా. కాయిదం మీదికెక్కింది. ఇప్పుడు నన్ను తియ్యి మంచిగ. ఎన్క పువ్వులు పెట్టు, మీ బాపు పెట్టినట్టే."

జొన్నలు ఆరబోసిన నీలం టార్పాలిన్ దులిపి తెచ్చారు. అవే ఇప్పచెట్ల నడుమ తాడు కట్టి వేశాం. గాలికి ఒక అంచు ఆగలేదు. కోడలు వెనక్కి పోయి పట్టుకుంది. ముత్తక్క కొంగు సర్దుకుని, గంప కింద పెట్టి నిలబడింది. "నీదే ఊరక్కా?" అని అడిగాను. ఆమె నోరు తెరిచి చెప్పబోతుంటే మీట నొక్కాను. టార్పాలిన్ అంచున కోడలి నాలుగు వేళ్లు కనబడుతున్నాయి. చెయ్యి లోపలికి తీసుకో బిడ్డా అని చెప్పబోయి, ఊరుకున్నాను.